వాన రాత్రి లెక్క

ఏప్రిల్ మొదటి సోమవారం
కళ్యాణదుర్గం ఆఫీసులో, ఫ్యాను గాలికి ఎగిరే కాగితం మీద
స్టాప్లర్ బరువు పెట్టి
మా చేత సంతకాలు తీసుకున్నారు.
పనితీరు ఒప్పందం.
పన్నెండు గడులు, గడికో అంకె.
అన్నీ కూడితే
ఓబుళపతి, పశువైద్య సహాయకుడు, కంబదూరు.

అబద్ధమెందుకు, మొదట్లో బాగానే ఉండింది.
మూడేండ్లుగా అడుగుతున్న ఫ్రిజ్జు
గడిలో పడగానే నెలకంతా వచ్చింది.
దూరం పల్లెలకు రెండు మార్కులెక్కువని
గుట్టల వెనక తండాకు పోయినా.
ఆ రెండు మార్కులకే పోయినా.
అరుగు మీది ముసలాయన నా మందుపెట్టె చూసి
"ఓట్లొచ్చినాయా నాయనా?" అన్నాడు.
ఆ పొద్దు నూటరవై మేకలకు సూదులేసి
బండి మీద ఈల వేసుకుంటా ఇల్లు చేరినా.

తర్వాత ఎండలు ముదిరినాయి.
మేత లేక మందలన్నీ
కర్నూలు కాలవ కింద కోసిన వరిమళ్ల దిక్కు కదిలినాయి.
మార్చి ముప్పై ఒకటి ఎప్పుడో
గొర్రెకేం తెలుసు?
నా గడిలో ఇంకా తొమ్మిదొందలు బాకీ.
ఊర్లో మిగిలిన కుంటివాటిని, చూలువాటిని నిలబెట్టి
ఎడమ చెవి ఒకసారి, కుడి చెవి ఒకసారి
ఫోటో తీసినా.
యాప్‌కు అవి రెండు గొర్రెలు.
పచ్చ టిక్కు పడింది. మెచ్చుకోలు కూడా వచ్చింది.

ఇది చెప్పకుండా ముగించొచ్చు.
కానీ చెప్పాల.
ఆ సాయంత్రం సిగ్నల్ కోసం గుట్టెక్కి
ఫోటోలు పంపుకుంటా ఉంటే
కింద నుంచి ఉరుకుందమ్మ మనవడు అరుస్తా ఉన్నాడు.
ఎనుము ఈనలేక పడిపోయిందంట.
"వస్తాండాలేరా, ఇంక నలభై" అన్నా.
నలభై ఏందో వానికి తెలీదు.
నిమిషాలనుకున్నాడేమో, గుండు మీద కూచున్నాడు.

పోయేసరికి దూడ మెడ వెనక్కి తిరిగి ఉంది.
భుజం దాకా చెయ్యి పెట్టి
లాంతరు నూనె అయిపోయేదాకా తిప్పినా.
దూడ దక్కింది.
ఎనుము తెల్లారేలోపు కండ్లు తేలేసింది.
ఉరుకుందమ్మ నన్నేమీ అనలేదు,
చేతులు కడుక్కోను చెంబుతో నీళ్లు పోసింది.
తొమ్మిదింటికి ఫోను:
"నిన్న రాత్రి ఎంట్రీ సున్నా ఉందేంది ఓబుళపతీ?"

వారానికి చిక్కన్న మంద తిరిగొచ్చింది.
ఎరువుకు మంద నిలపాలని
బుడ్డల చేను రైతుతో బేరం చేస్తాండాడు.
నేను సూదులు ఉడకబెడతా విన్నా.
నూరు గొర్రెలకు రాత్రికింత,
మంద కాసేటోనికి సంగటి, ఊరిబిండి.
"వాన పడితే?"
"ఆ రాత్రి లెక్కలో లేదు."
"తోడేలొస్తే?"
"నష్టం చెరిసగం."
ఇద్దరూ ఒకే చుట్ట పంచుకున్నారు, అంతే,
ముద్ర పడింది.

నా సంచిలో కాగితం చూసి చిక్కన్న అడిగినాడు:
"నువ్వు చేసేది రాసినారు సరే.
వాళ్లు నీకు చేసేది ఏ పక్క రాసినారప్పా?"
తిప్పి చూపించినా.
వెనక పక్క తెల్లగా ఉండాది,
ఎవరో టీ గ్లాసు పెట్టిన ఉంగరం గుర్తు ఒకటి.

మళ్లా ఏప్రిల్.
ఈసారి పద్నాలుగు గడులు.
సంతకం పెట్టినా, బియ్యం కొనాల కదా.
పెట్టే ముందు ఆఖరి గడి కింద సందులో
పెన్సిలుతో చిన్నగా రాసినా:
వాన పడితే?

మాపిటికి క్లర్కు తిమ్మరాయుడిని అడిగినా
ఎవరన్నా చూసినారా అని.
స్కానింగులో పెన్సిలు రాదంట.